పాయింట్లతో భూప్రదక్షిణ: ఆళ్లగడ్డలో బయల్దేరి ఆళ్లగడ్డకే!

నేను నంద్యాల నుంచి మాట్లాడుతున్నా. మా సొంతూరు ఆళ్లగడ్డ. ఈ ఎపిసోడ్ టాపిక్ మీలో చాలామంది అడిగిందే. విమాన పాయింట్లతో ప్రపంచం మొత్తం చుట్టి రావొచ్చా? రీల్స్‌లో ఒకాయన "రూపాయి ఖర్చు లేకుండా వరల్డ్ టూర్ కొట్టేశా" అంటాడు, ఇంకొకాయన "ఈ కార్డు తీసుకో, లైఫ్ మారిపోద్ది" అంటాడు. ఇందులో నిజమెంత?

జవాబు ముందే చెప్పేస్తా, చివరిదాకా ఊరించను. పాయింట్లతో భూప్రదక్షిణ అవుతుంది. కానీ ఫ్రీగా అవదు. నెలకు ముప్పై వేలు జీతమొచ్చే కుర్రాడు ఒక్కడే కార్డు గీకితే అసలే అవదు. అయితే మన నంద్యాల, కడప, కర్నూలు వైపు చాలా ఇళ్లలో ఒక అవకాశం ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోవట్లేదు. అమెరికాలో ఉన్న కూతురి దగ్గరకో కొడుకు దగ్గరకో వెళ్లే అమ్మానాన్నల ప్రయాణమే ఆ అవకాశం. వాళ్లు ఎలాగూ సగం ప్రపంచం దాటుతున్నారు. వెళ్లిన దారినే తిరిగి రాకుండా, అటు వైపు నుంచి వచ్చేస్తే అదే భూప్రదక్షిణ. ఈరోజు మాట్లాడేది దీని గురించే.

ముందు రౌండ్ ది వరల్డ్ అంటే ఏంటో చూద్దాం. మన దగ్గర కార్తీక మాసంలో నవనందులు చూస్తారు కదా. నంద్యాల ఊళ్లో ప్రథమ నంది, నాగ నంది, సోమ నంది, ఊరి బయట సూర్య నంది, శివ నంది, విష్ణు నంది, మహానంది దగ్గర గరుడ నంది, వినాయక నంది. తొమ్మిదీ ఒక్కరోజులో పూర్తి చేసి ఇంటికి చేరాలి. బయల్దేరిన చోటికే తిరిగి రావాలి, మధ్యలో ఆగే చోట్లు ముందే తెలియాలి, టైమ్‌కి ఒక లిమిట్ ఉంది. రౌండ్ ది వరల్డ్ టికెట్ కూడా ఇలాంటిదే. ఇంకో రూల్ అదనం: ఒకే దిక్కుగా పోవాలి. తూర్పుకి బయల్దేరితే తూర్పుకే, పడమరకి బయల్దేరితే పడమరకే. అట్లాంటిక్ ఒకసారి, పసిఫిక్ ఒకసారి దాటాలి. బయల్దేరిన దేశానికే తిరిగి రావాలి.

వెళ్లిన దారిన తిరిగి రాకుండా ఉండటం మనవాళ్లకు కొత్తేం కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో చెన్నపట్నంలో బయల్దేరి కాశీకి వెళ్లాడు. వెళ్లేటప్పుడు మన అహోబిలం, శ్రీశైలం, హైదరాబాద్, నాగపూర్ మీదుగా పోయాడు. వచ్చేటప్పుడు కలకత్తా చూసుకుని తూర్పు తీరం వెంబడి దిగాడు. 1831 సెప్టెంబర్‌లో ఇల్లు చేరాడు. పదిహేను నెలలకు పైనే పట్టింది. ఆయన అప్పట్లో మద్రాసు సుప్రీం కోర్టులో ఉద్యోగి. ముందు సెలవు తీసుకుని, ఆ తర్వాతే బండి కట్టించాడు. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరకే వస్తాం.

సరే, టికెట్ల సంగతి. విమాన సంస్థలు కూటములుగా ఉంటాయి. స్టార్ అలయన్స్ 1997లో మొదలైంది. ఎయిర్ ఇండియా అందులో 2014లో చేరింది. సింగపూర్ ఎయిర్‌లైన్స్, లుఫ్తాన్సా, యునైటెడ్, జపాన్‌కి చెందిన ఏఎన్‌ఏ, ఎయిర్ కెనడా ఇందులోవే. రెండోది వన్‌వరల్డ్: ఖతార్, బ్రిటిష్ ఎయిర్‌వేస్, కాథే పసిఫిక్, జపాన్ ఎయిర్‌లైన్స్, అమెరికన్. మూడోది స్కైటీమ్. మొదటి రెండూ డబ్బు పెట్టి కొనే రౌండ్ ది వరల్డ్ టికెట్లు అమ్ముతాయి. స్టార్ అలయన్స్ వాళ్లు ఎన్ని మైళ్లు తిరుగుతారో లెక్కేసి ధర చెప్తారు, పైన 39,000 మైళ్ల దాకా ఉంటుంది. వన్‌వరల్డ్‌లో ఎన్ని ఖండాలు తొక్కుతారన్నదాన్ని బట్టి ధర చెప్పే టికెట్ ఒకటుంది. గడువు ఏడాది. భూమధ్యరేఖ దగ్గర భూమి చుట్టుకొలత దాదాపు 24,900 మైళ్లు, అంటే 40,075 కిలోమీటర్లు. కాబట్టి 39,000 మైళ్లంటే చుట్టూ తిరిగి, పక్కన నాలుగు ఊళ్లు కూడా చూసి రావొచ్చు.

మరి పాయింట్లతో? ఇక్కడే ట్విస్ట్. పాయింట్లతో ఇచ్చే రౌండ్ ది వరల్డ్ టికెట్లలో చాలా ఫేమస్ అయినది ఏఎన్‌ఏ వాళ్లది. దాన్ని 2025లో ఆపేశారు. ఏళ్ల తరబడి దాని కోసమే పాయింట్లు కూడబెట్టినవాళ్లు ఉన్నారు. ఇప్పటికీ యూట్యూబ్‌లో పాత వీడియోలు చూసి "ఏఎన్‌ఏలో చేసేద్దాం బ్రో" అంటున్నారు. ఆ వీడియో డేట్ చూడండి ముందు. ఇంకా మిగిలిన దారులు ఉన్నాయి. కాథే పసిఫిక్ వాళ్ల ఏషియా మైల్స్‌తో వన్‌వరల్డ్ సంస్థలు కలిపి ఒకే టికెట్ చేసుకోవచ్చు, మధ్యలో ఐదు చోట్ల ఆగొచ్చు. ఆస్ట్రేలియా క్వాంటస్ వాళ్లకు కూడా ఇలాంటిదే ఉంది, 35,000 మైళ్ల దాకా, అందులోనూ ఐదు స్టాప్‌ఓవర్లు. సింగపూర్ వాళ్ల క్రిస్‌ఫ్లయర్‌లోనూ ఇలాంటిది ఉంటూ వచ్చింది. వీటికి ఎన్ని పాయింట్లన్నది నేను ఇక్కడ చెప్పను, ఎందుకంటే మీరు ఇది చదివేసరికి ఆ నంబర్ మారొచ్చు. వాళ్ల సైట్‌లో ఆరోజు ఉన్న చార్ట్ ఒక్కటే లెక్క.

కానీ మన లాంటి వాళ్లకు ఇంతకంటే సులువైన పద్ధతి ఉంది. ఒకే పెద్ద టికెట్ బదులు ముక్కలు ముక్కలుగా వన్‌వే టికెట్లు తీసుకోవడం. ఎందుకో చెప్తా వినండి. డబ్బు పెట్టి కొంటే ఇంటర్నేషనల్ వన్‌వే టికెట్ చాలాసార్లు బాగా ఖరీదు. రానూపోనూ ధరలో సగం ఉండాలి కదా అనుకుంటాం, ఉండదు. కొన్నిసార్లు రిటర్న్ టికెట్‌కి దగ్గరగా ఉంటుంది. పాయింట్లతో అలా కాదు. చాలా ప్రోగ్రాముల్లో వన్‌వేకి సరిగ్గా సగం పాయింట్లే. అంటే వెళ్లడానికి ఒక సంస్థ, రావడానికి ఇంకో సంస్థ, వేరే దిక్కు నుంచి పెట్టుకున్నా మనకేం నష్టం లేదు. భూప్రదక్షిణకు పాయింట్లు పనికొచ్చేది ఈ ఒక్క కారణం వల్లే. "ఫ్రీ" అని కాదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. పాయింట్లు ఎక్కడి నుంచి వస్తాయి?

అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1981 మే 1న ఆడ్వాంటేజ్ అనే ప్రోగ్రాం పెట్టింది. మన విమానంలో ఎక్కువ తిరిగితే బహుమతి ఇస్తాం అన్నారు. తర్వాత బ్యాంకులు దిగాయి. ఇప్పుడు విమానం ఎక్కి సంపాదించే పాయింట్ల కంటే కార్డు గీకి సంపాదించేవే ఎక్కువ. దీంట్లో ఒక సరదా కథ ఉంది. 1999లో కాలిఫోర్నియాలో డేవిడ్ ఫిలిప్స్ అనే ఇంజనీర్ ఒక ఫుడ్ కంపెనీ ఆఫర్ చూశాడు. ప్యాకెట్ మీద బార్‌కోడ్లు పంపితే మైళ్లు ఇస్తామని రాసుంది. ఆయన లెక్కేసుకుని, అన్నిటికన్నా చవకైన పుడ్డింగ్ కప్పులు 12,150 కొనేశాడు. ఖర్చు 3,140 డాలర్లు. వచ్చిన మైళ్లు పన్నెండు లక్షల యాభై వేలకు పైనే! లేబుళ్లు పీకే ఓపిక లేక, పుడ్డింగ్ అంతా ఒక సేవా సంస్థకు దానమిచ్చి, ఆ వాలంటీర్లతో పీకించాడు. తెలివైనోడే. కానీ అలాంటి ఆఫర్ జీవితంలో ఒకసారి తగులుతుంది. దాన్ని నమ్ముకుని మనం ప్లాన్ చేయలేం.

మన లెక్క చూద్దాం. ఉదాహరణకే సుమా. ఒక మనిషి ఎకానమీలో భూమి చుట్టి రావడానికి అన్ని ముక్కలూ కలిపి లక్ష మైళ్లు కావాలనుకుందాం. అమ్మా నాన్న ఇద్దరికి రెండు లక్షలు. మీ కార్డు వంద రూపాయలకు రెండు మైళ్లు ఇస్తుందనుకుందాం, ఇది మంచి కార్డే. రెండు లక్షల మైళ్లు రావాలంటే ఎంత ఖర్చు పెట్టాలి? కోటి రూపాయలు. అవును, కోటి. నెలకు ముప్పై వేలు కార్డు మీద ఖర్చు పెడితే ఏడాదికి 7,200 మైళ్లు. రెండు లక్షలు అవ్వడానికి దాదాపు 28 ఏళ్లు. పైగా అద్దె, పెట్రోల్, వాలెట్ లోడింగ్, ప్రభుత్వ చెల్లింపుల్లాంటి వాటికి చాలా కార్డులు పాయింట్లు ఇవ్వవు, లేదా బాగా తగ్గిస్తాయి. ఇంకా మైళ్లకు గడువు కూడా ఉంటుంది. క్రిస్‌ఫ్లయర్ మైళ్లు మూడేళ్లకు పోతాయి. ఎయిర్ కెనడా ఏరోప్లాన్‌లో పద్దెనిమిది నెలలు ఖాతా కదలకపోతే పోతాయి. ఇరవై ఎనిమిదేళ్లు దాచుకుంటానంటే కుదరదన్నమాట.

అందుకే కొందరు ఏం చేస్తారు? పాయింట్ల కోసం అవసరం లేని ఖర్చు పెడతారు. బిల్లు మొత్తం కట్టలేక "మినిమమ్ డ్యూ" కడతారు. ఇక్కడ లెక్క జాగ్రత్తగా వినండి. చాలా కార్డుల మీద వడ్డీ నెలకు మూడున్నర శాతం చుట్టూ ఉంటుంది. లక్ష రూపాయలు మిగిలిపోతే నెలకు 3,500 వడ్డీ. దాని మీద 18 శాతం జీఎస్టీ, ఇంకో 630. మొత్తం 4,130. మరి ఆ లక్ష ఖర్చుకు వచ్చిన మైళ్లు? రెండు వేలు. మైలు రూపాయి అనుకున్నా రెండు వేల రూపాయలు. ఒక్క నెల వడ్డీలో రెండు లక్షల ఖర్చుకొచ్చే పాయింట్లు హారతి కర్పూరమే. మా ఊళ్లో వడ్డీ వ్యాపారం నూటికి మూడు రూపాయలంటేనే "అమ్మో" అంటారు. అదే రేటు కార్డు మీద ఉంటే, యాప్ రంగు బాగుందని మనకు కనపడదు. బిల్లు ప్రతి నెలా పూర్తిగా కట్టగలిగితేనే పాయింట్ల ఆట. లేదంటే ఈ ఎపిసోడ్ ఇక్కడే ఆపేసి డెబిట్ కార్డుతో హాయిగా ఉండండి. సీరియస్‌గా చెప్తున్నా.

మరి ఎవరికి అవుతుంది? ఇంట్లో పాయింట్లు ఒకచోటికి చేర్చుకోగలిగినవాళ్లకి. మా ఇంటి సంగతే చెప్తా.

మా నాన్న శిల్పి. ఆళ్లగడ్డ శిల్పాల గురించి మీకు తెలుసు కదా, జీఐ గుర్తింపు కూడా ఉంది. రోడ్డు పక్క షెడ్లలో ఉలి చప్పుడు పొద్దున్నే మొదలవుతుంది. ఆయన చెక్కిన విగ్రహాలు చెక్క పెట్టెల్లో గడ్డి చుట్టి, కంటైనర్ ఎక్కి అమెరికా దాకా పోయాయి. ఆయన మాత్రం అరవై దాటేదాకా విమానం ఎక్కలేదు. మా అక్క డాలస్‌లో ఉంటుంది. అమ్మానాన్నలు మొదటిసారి వెళ్లింది అక్క కాన్పుకి, అందరి అమ్మానాన్నల్లాగే. వెళ్లొచ్చాక నాన్న ఒకే మాట అన్నాడు. "నేను చెక్కిన స్వామి అక్కడెక్కడో గుళ్లో ఉన్నాడంట, చూడకుండానే వచ్చేసినాను." ఆ గుడి ఉండేది లాస్ ఏంజెలెస్ వైపు. డాలస్ నుంచి మళ్లీ విమానం. అప్పుడు చంటిబిడ్డ, చలి, కుదర్లేదు.

రెండోసారి వెళ్లే టైమ్‌కి నేను మ్యాప్ ముందు పెట్టుకుని చూశా. లాస్ ఏంజెలెస్ దాకా పోతే సగం పసిఫిక్ గట్టు మీద నిలబడినట్టే. అక్కడి నుంచి వెనక్కి డాలస్, దోహా, హైదరాబాద్ రావడమెందుకు? సింగపూర్ ఎయిర్‌లైన్స్‌కి లాస్ ఏంజెలెస్ నుంచి టోక్యో నరిటా మీదుగా సింగపూర్‌కి విమానం ఉంది. సింగపూర్ నుంచి హైదరాబాద్‌కి కూడా వాళ్లదే ఉంది. అలా రూట్ తేలింది. హైదరాబాద్, దోహా, డాలస్, లాస్ ఏంజెలెస్, టోక్యో, సింగపూర్, హైదరాబాద్. మొత్తం పడమర దిక్కుగానే. పడమరకి పోతే రోజు పొడవు పెరుగుతుంది కాబట్టి చాలామందికి జెట్‌లాగ్ కొంచెం తేలిక కూడా.

పాయింట్లు ఎక్కడివి? ఎక్కువ భాగం అక్కవే. అమెరికాలో ఒక్క కార్డుకే 60,000 పాయింట్ల వెల్‌కమ్ బోనస్ మామూలు విషయం. మన దగ్గర అంత ఉండదు. అక్క తన కార్డు పాయింట్లను బ్రిటిష్ ఎయిర్‌వేస్‌కి పంపింది. బ్రిటిష్ ఎయిర్‌వేస్, ఖతార్ ఎయిర్‌వేస్ రెండిట్లోనూ పాయింట్ల పేరు ఏవియోసే, ఖాతాలు లింక్ చేస్తే ఇటు నుంచి అటు మార్చుకోవచ్చు. దాంతో వెళ్లే ముక్క అయింది. వచ్చే ముక్క క్రిస్‌ఫ్లయర్. అందులో నా కార్డు పాయింట్లు, అమ్మానాన్నల మొదటి ప్రయాణం మైళ్లు కొన్ని. డాలస్ నుంచి లాస్ ఏంజెలెస్‌కి మాత్రం మామూలుగా డబ్బు పెట్టి కొన్నాం, చవకగా దొరికింది. చవకైన టికెట్‌కి పాయింట్లు తగలేయకూడదు.

దీనికి ఒక చిన్న లెక్క ఉంది, స్క్రీన్‌షాట్ తీసుకోండి. టికెట్ ధరలోంచి, పాయింట్లతో బుక్ చేసినా కట్టాల్సిన పన్నులు తీసేయండి. మిగిలినదాన్ని పాయింట్లతో భాగించండి. టికెట్ 60,000, పన్నులు 10,000, పాయింట్లు 50,000 అనుకోండి. యాభై వేలు బై యాభై వేలు, అంటే పాయింట్‌కి రూపాయి. అదే పాయింట్లకు మీ బ్యాంకు క్యాష్‌బ్యాక్ ఎంతిస్తుందో చూడండి. దానికంటే తక్కువ వస్తుంటే డబ్బు పెట్టి కొనండి, పాయింట్లు వదిలేయండి. పన్నులు అన్నా కదా, కొన్ని సంస్థలు ఇంధన సర్‌చార్జ్ అని పెద్ద మొత్తం వేస్తాయి. "పాయింట్లతో బుక్ చేశా, అయినా ముప్పై వేలు కట్టా" అని ఏడ్చేది దీనికే. యునైటెడ్, ఏరోప్లాన్ లాంటి ప్రోగ్రాముల్లో ఆ సర్‌చార్జ్ ఉండదు. పేమెంట్ పేజీ దాకా వెళ్లి చూసి, అప్పుడు డిసైడ్ అవ్వండి.

ఇప్పుడు అందరికీ పనికొచ్చే విషయం. అమెరికా వెళ్లొచ్చిన అమ్మానాన్నల్లో చాలామందికి ఫ్రీక్వెంట్ ఫ్లయర్ నంబరే ఉండదు. ఏజెంట్ టికెట్ తీశాడు, ఎక్కారు, దిగారు, అంతే. వేల మైళ్లు గాల్లో పోయాయి. ఖాతా తెరవడం ఫ్రీ. టికెట్ బుక్ చేసేటప్పుడే నంబర్ ఎక్కించాలి. మర్చిపోయినా, చాలా సంస్థలు ప్రయాణం అయ్యాక ఆరు నెలల దాకా క్లెయిమ్ చేసుకోనిస్తాయి. అందుకని బోర్డింగ్ పాసులు పారేయకండి, ఫోన్‌లో ఫొటో తీసి పెట్టండి. చౌక టికెట్ల మీద మైళ్లు సగమో ఇంకా తక్కువో వస్తాయి, అయినా వదులుకోవడమెందుకు?

ఖాతా తెరిచేటప్పుడు పేరు దగ్గర జాగ్రత్త. మన తెలుగు పేర్లతో పెద్ద తలనొప్పి ఇదే. ఇంటిపేరు ముందుంటుంది. ఆధార్‌లో ఇనిషియల్, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు. కొందరికి పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ. అలాంటప్పుడు అమెరికా వీసా మీద పేరు ముందు ఎఫ్‌ఎన్‌యూ అని వస్తుంది. విమాన ఖాతాలో పేరు, టికెట్‌లో పేరు, పాస్‌పోర్టులో పేరు మూడూ ఒక్కటిగా ఉండాలి. తేడా ఉంటే మైళ్లు పడవు, చెక్‌ఇన్ దగ్గర గొడవ. ఇంకోటి, మీ ఖాతాలోంచి అమ్మానాన్నలకు టికెట్ తీయాలంటే కొన్ని ప్రోగ్రాముల్లో వాళ్లను ముందే నామినీలుగా చేర్చాలి. క్రిస్‌ఫ్లయర్‌లో ఐదుగురిని చేర్చుకోవచ్చు.

సరే, బుక్ చేసే వరస. ఇక్కడ వీరాస్వామయ్యను గుర్తు చేసుకోండి: ముందు సెలవు, తర్వాత బండి.

ఒకటి, వీసా. మన పాస్‌పోర్టుతో అసలు కష్టం టికెట్ కాదు, వీసా. అమెరికా విజిటర్ వీసా లేకుండా ఈ ప్లాన్ మొదలే కాదు. అది ఉంటే మాత్రం మిగతా దారులు కొన్ని తేలికవుతాయి. చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉన్న భారతీయులు సింగపూర్‌లో ట్రాన్సిట్‌గా 96 గంటల దాకా వీసా లేకుండా ఆగొచ్చు, దానికి షరతులు ఉన్నాయి. తైవాన్ కూడా ఆన్‌లైన్‌లో ఉచితంగా పర్మిట్ ఇస్తుంది. జపాన్‌లో బయటికి రావాలంటే జపాన్ వీసా కావాలి. అందుకే మా వాళ్లు టోక్యోలో ఎయిర్‌పోర్టు దాటలేదు, సింగపూర్‌లో రెండు రోజులు ఆగారు. రూల్స్ మారుతుంటాయి, ఆయా దేశాల అధికారిక సైట్‌లోనే చూసుకోండి.

రెండు, తేదీలు. తేదీల్లో పట్టువిడుపు ఉండాలి. పాయింట్లకు ఇచ్చే సీట్లు ప్రతి విమానంలో కొన్నే. సింగపూర్ ఎయిర్‌లైన్స్ 355 రోజుల ముందే బుకింగ్ తెరుస్తుంది. మాకు ఒకే రోజు రెండు సీట్లు దొరకడానికి పదకొండు వారాలు పట్టింది. నేను రోజూ పొద్దున టీ తాగుతూ ఒకసారి చూసేవాణ్ణి. ఒక్కో సీటు రెండు వేరు రోజుల్లో ఉండేది. అమ్మ ఒక రోజు, నాన్న ఒక రోజు పోతారా? పోరు కదా. చివరికి అనుకున్నదానికి తొమ్మిది రోజులు ముందు తేదీలో రెండూ కనపడ్డాయి. అక్కడ ఎన్నాళ్లుండాలన్నది దిగినప్పుడు ఇమిగ్రేషన్ అధికారి ఇచ్చే తేదీని బట్టే, అది దాటకూడదు. కాబట్టి ముందుకు జరపడమే కానీ వెనక్కి జరపడం కుదరదు.

మూడు, సీటు కనపడిన తర్వాతే పాయింట్లు బదిలీ చేయండి. ఇది బంగారంలాంటి రూల్. బ్యాంకు నుంచి విమాన సంస్థకు పంపిన పాయింట్లు వెనక్కి రావు. కొన్ని బదిలీలు వెంటనే అవుతాయి, కొన్నిటికి రోజులు పడతాయి. యాక్సిస్, హెచ్‌డీఎఫ్‌సీ, అమెక్స్, హెచ్‌ఎస్‌బీసీ కార్డుల్లో కొన్నిటికి ఈ బదిలీ ఉంది, అన్నిటికీ లేదు. ఏడాదికి ఇంతే పంపాలన్న లిమిట్ కూడా ఉండొచ్చు. మీ కార్డు రూల్స్ చదవండి.

నాలుగు, ముందు వచ్చే ముక్క, తర్వాత వెళ్లే ముక్క. పసిఫిక్ దాటే సీట్లు దొరకడం కష్టం. అది చేతిలో పడ్డాకే మిగతావి. ఇమిగ్రేషన్‌లో "తిరిగి ఎప్పుడు వెళ్తారు" అని అడిగితే చూపించడానికి అన్ని టికెట్లూ ప్రింట్ తీసి ఇవ్వండి, ఫోన్ చార్జింగ్ మీద ఆధారపడొద్దు. వెజ్ భోజనం, వీల్‌చెయిర్ ముందే చెప్పండి. వీల్‌చెయిర్ సాయానికి సాధారణంగా డబ్బు తీసుకోరు. దోహా లాంటి పెద్ద ఎయిర్‌పోర్టులో ఇంగ్లిష్ రాని పెద్దవాళ్లకు అది నడకకి మాత్రమే కాదు, దారి చూపించడానికి కూడా. ఇన్సూరెన్స్ తప్పనిసరి.

ఐదు, ఇంటి నుంచి ఎయిర్‌పోర్టు దాకా. దీన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. ఆళ్లగడ్డ నుంచి నంద్యాల, నంద్యాల నుంచి కర్నూలు, అక్కడి నుంచి శంషాబాద్. ఓర్వకల్లులో మనకు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి విమానాశ్రయం 2021 మార్చిలో వచ్చింది, కానీ సర్వీసులు కొన్నే. అక్కడి నుంచి వేరే టికెట్ మీద వెళ్లి ఇంటర్నేషనల్ విమానం అందుకుందామనుకుంటే, మొదటిది లేటైతే రెండోవాళ్లకు సంబంధం ఉండదు. బస్సైనా, రైలైనా అంతే. విడివిడి టికెట్లతో వెళ్లేవాళ్లు ఒకరోజు ముందే చేరుకోండి. ముక్కల పద్ధతిలో ఉన్న అసలు రిస్క్ ఇదే. అమెరికాలో కూడా మావాళ్లు లాస్ ఏంజెలెస్‌కి నాలుగు రోజుల ముందే చేరారు. ఆ నాలుగు రోజుల్లోనే గుడి. అక్క వీడియో కాల్ చేసింది. నాన్న స్వామి ముఖం వైపు చూడట్లేదు, పీఠం పక్కకు వంగి, ఉలి గాటు ఎక్కడుందో వెతుకుతున్నాడు. "ఇది నాదే" అన్నాడు. ఇంకేం మాట్లాడలేదు.

మొత్తం ఎంతైంది అంటే, పన్నులు, ఆ లోకల్ టికెట్, సింగపూర్‌లో రూము, ఇన్సూరెన్స్ అన్నీ డబ్బే. ఫ్రీ కాదు. కానీ మామూలుగా రానూపోనూ టికెట్లు రెండు కొంటే అయ్యేదానికంటే తక్కువలో తేలింది.

చివరగా రెండు హెచ్చరికలు. మొదటిది, పాయింట్లు ఆస్తి కాదు. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో ఆగిపోయింది. విస్తారా 2024 నవంబర్‌లో ఎయిర్ ఇండియాలో కలిసిపోయింది, పాయింట్లు అటు మారాయి. ఏఎన్‌ఏ సంగతి చెప్పా. రూల్స్ రాసేది వాళ్లే, మార్చేదీ వాళ్లే. అందుకే ప్లాన్ లేకుండా పోగు చేయకండి, పోగైనవి రెండు మూడేళ్లలో వాడేయండి. పాయింట్లు బయట ఎవరికో అమ్మడం, కొనడం కూడా వద్దు. ఖాతా మూసేస్తారు, టికెట్ క్యాన్సిల్ అవుతుంది.

రెండోది ఇంకా ముఖ్యం. "మీ రివార్డ్ పాయింట్లు ఈరోజు రాత్రితో ఎక్స్‌పైర్, వెంటనే ఈ యాప్ వేసుకోండి" అని వాట్సాప్‌లో ఏపీకే ఫైల్ వస్తుంది. బ్యాంకు లోగో కూడా ఉంటుంది. ఏ బ్యాంకూ వాట్సాప్‌లో ఏపీకే పంపదు. అది వేసుకుంటే మీ మెసేజ్‌లు, ఓటీపీలు వాళ్ల చేతికి పోతాయి. మీకు తెలుసు, అమ్మానాన్నలకు తెలియదు. ఈ ఒక్క ముక్క ఈరోజే వాళ్లకు చెప్పండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

ఈ వారం చేయాల్సిన పని మూడే. ఇంట్లో గత ఆరు నెలల్లో ఎవరైనా విదేశాలకు వెళ్లొచ్చి ఉంటే ఆ బోర్డింగ్ పాసులు వెతికి మైళ్లు క్లెయిమ్ చేయండి. అమ్మానాన్నల పాస్‌పోర్టు తీసి, పేరు ఎలా ఉందో, గడువు ఎప్పటిదాకా ఉందో చూడండి. మీ కార్డు స్టేట్‌మెంట్ తెరిచి, వడ్డీ అనే లైన్‌లో సున్నా ఉందో లేదో చూడండి. సున్నా లేకపోతే ముందు అది తీర్చండి. ఉంటే మ్యాప్ తెరవండి, పడమర వైపు నుంచి మొదలుపెట్టండి.

వచ్చే ఎపిసోడ్‌లో పాస్‌పోర్టులో పేరు మార్పు గురించి మాట్లాడుకుందాం. ఉంటా మరి, నమస్కారం.